జ్వరంలో ఔషధాన్ని వెదకిన వైద్యుడు

1891వ సంవత్సరం. న్యూయార్కు నగరానికి తూర్పు భాగాన, ఇరుకు గదులలో బీదజనం కిక్కిరిసి కాపురముండే వీధులలో, ఒక యువవైద్యుడు ఇంటింటి మెట్లూ ఎక్కి దిగుతూ తిరుగుతున్నాడు. ఆయన వెదకుతున్నది స్టెయిన్ అనే మనిషిని. జర్మనీ నుంచి వలస వచ్చిన బీదవాడు. ఆనవాలు ఒక్కటే, మెడమీద పెద్ద మచ్చ. కొన్ని ఏండ్ల క్రిందట అతని మెడలో సార్కోమా అనే కాన్సర్ గడ్డ లేచింది. ఆసుపత్రిలో పలుమార్లు కోసి తీసినా అది మళ్లీ మళ్లీ పెరిగింది. వైద్యులు ఆశ వదలుకున్నారు. అంతలో కోసిన పుండుకు ఒక అంటురోగం సోకి, ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. ఆ జ్వరంతో గడ్డ కరిగిపోయిందనీ, రోగిని ఇంటికి పంపివేశామనీ ఆసుపత్రి పుస్తకంలో వ్రాసివున్నది. ఆ తరువాత అతడు బ్రతికాడో చచ్చాడో ఆ పుస్తకం చెప్పదు. చెప్పవలసిన పని తనకున్నదని ఎవరూ అనుకోలేదు.

ఆ యువవైద్యుడు అనుకున్నాడు. కొన్ని వారాల గాలింపు తరువాత మనిషి దొరికాడు. మెడమీద మచ్చ వున్నది, గడ్డ లేదు. ఏడేండ్లుగా నిక్షేపంగా వున్నాడు.

ఆ వైద్యుని పేరు విలియం బ్రాడ్లీ కోలీ. శరీరంలో సహజంగా వున్న రక్షణశక్తినే మేల్కొలిపి కాన్సర్ మీదికి పంపే చికిత్సను ఈనాడు ఇమ్యునోథెరపీ అంటున్నారు. ఆ చికిత్సకు ఆద్యుడెవరని అడిగితే శాస్త్రజ్ఞులు కోలీ పేరే చెప్పుతారు. కాని ఆయన జీవించివుండగా ఆ గౌరవం దక్కలేదు సరికదా, కడపటి దినాలలో సొంత ఆసుపత్రిలోనే ఆయన మాట చెల్లలేదు.

కోలీ 1862 జనవరి 12న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, వెస్ట్‌పోర్టు పట్టణాన్ని ఆనుకొని వున్న సాగటక్ అనే చోట జన్మించాడు. యేల్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన భాషలు చదివి 1884లో పట్టభద్రుడైనాడు. పిమ్మట పశ్చిమ తీరాన ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌కు వెళ్లి, అక్కడి పాఠశాలలో రెండేండ్లపాటు లాటిన్, గ్రీకు భాషలు బోధించాడు. వైద్యుని జీవితంలో ఈ బడిపంతులు ఉద్యోగాన్ని ఒక చిన్న విషయంగా దాటిపోవడం పరిపాటి. కాని పాతగ్రంథాల ప్రతులను పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క పాఠాన్ని సరిచూచి అర్థం తేల్చే శిక్షణ పొందినవాడు గనుకనే, ఎవరూ విప్పి చూడని ఆసుపత్రి రికార్డులను కోలీ అంత ఓపికతో చదవగలిగాడేమోనని తోచకమానదు.

1886లో హార్వర్డు వైద్యకళాశాలలో చేరి 1888లో పట్టం పుచ్చుకున్నాడు. న్యూయార్కు ఆసుపత్రిలో శిక్షణ ముగించుకొని 1890లో శస్త్రవైద్యుడుగా వృత్తి ఆరంభించాడు. ఆరంభంలోనే ఆయన దగ్గరకు వచ్చిన ఒక రోగి ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది.

ఆమె పేరు బెస్సీ డాషియెల్. పదునేడేండ్ల పిల్ల. రైలు ప్రయాణంలో ఆమె కుడిచేయి రెండు ఆసనాల నడుమ చిక్కి నలిగింది. చిన్న దెబ్బే అనుకున్నారు. కాని వాపు తగ్గలేదు, నొప్పి హెచ్చింది. కోలీ పరీక్షచేసి మొదట అది ఎముకకు తగిలిన చీము దోషమేమో అనుకున్నాడు. తీరా చూస్తే సార్కోమా. ఎముకలలోను, కండరాలలోను, వాటిని అంటిపెట్టుకొన్న మెత్తని కణజాలంలోను పుట్టే కాన్సర్ ఇది. పసివారిని, పడుచువారిని కూడా పట్టుకుంటుంది. 1890 నవంబరులో మోచేతి క్రిందుగా ఆమె చేయి తీసివేశాడు. ఫలితం లేకపోయింది. వ్యాధి ఒళ్లంతా పాకి, 1891 జనవరిలో ఆ పిల్ల మరణించింది. జబ్బు తెలిసి మూడునెలలు కూడా నిండలేదు.

రోగి మరణం వైద్యునికి కొత్త కాదు. అయినా కోలీకి అప్పుడు ఇరవైతొమ్మిదేండ్లే. తాను నేర్చిన విద్య అంతా ఒక చేయి నరకడానికి తప్ప పనికిరాలేదనే బాధ ఆయనను వదలలేదు. సార్కోమా వచ్చి బ్రతికినవారు అసలు వున్నారా? ఈ ప్రశ్నతో ఆయన న్యూయార్కు ఆసుపత్రి పాత రికార్డులు ముందు వేసుకొని కూర్చున్నాడు. అందులో దొరికినవాడే స్టెయిన్.

స్టెయిన్‌కు సోకిన అంటురోగాన్ని ఎరిసిపెలస్ అంటారు. మన ఆయుర్వేద గ్రంథాలలోని విసర్పాన్ని పోలినది. చర్మం ఎర్రగా కమిలి, మంటతో ప్రాకుతుంది. వణుకు, తీవ్రజ్వరం వుంటాయి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి దీనికి కారణం. పెన్సిలిన్ ఇంకా పుట్టని ఆ రోజులలో ఇది సోకిందంటే ప్రాణభయమే. శస్త్రచికిత్స జరిగిన గదులలో వైద్యులు దీనిని చూచి దడిసేవారు. అటువంటి రోగం కాన్సర్‌ను హరించగలదని ఊహించడానికి సాహసం కావాలి.

నిజానికి ఈ ఊహ కోలీకే మొదట కలిగినది కాదు. జర్మనీలో బుష్ అనే వైద్యుడు 1860 ప్రాంతపు సంవత్సరాలలోనే ఈ వింతను గమనించాడు. ఫెలైజన్ అనే మరొకడు 1882లో ఎరిసిపెలస్‌కు కారణమైన సూక్ష్మజీవిని వేరుపరచి, కాన్సర్ రోగులకు ఎక్కించి చూచాడు. ఈ సంగతులు గ్రంథాలలో వున్నవే. అయినా ఆ దారిని నలభై ఏండ్లపాటు విడువక నడచినవాడు కోలీ ఒక్కడే.

1891 మే నెలలో ఆయన ఒక ఇటలీ దేశస్థునిపై తొలి ప్రయత్నం చేశాడు. ఆ రోగి పేరు జోలా అని కోలీ వ్రాతలనుబట్టి తెలుస్తుంది. అతనికి మెడలో ఒక గడ్డ, గొంతులో టాన్సిల్ దగ్గర మరొక గడ్డ. మాట పెగలదు, అన్నం దిగదు. కొద్దివారాలకంటె బ్రతకడని అందరూ తేల్చారు. కోలీ అతనికి స్ట్రెప్టోకాకస్ క్రిములను ఎక్కించాడు. కొంచెం జ్వరం వచ్చింది, గడ్డ కొంచెం తగ్గి మళ్లీ పెరిగింది. నెలలు గడిచాయి. చివరికి బెర్లినులో రాబర్ట్ కోఖ్ ప్రయోగశాల నుంచి ఒక మిత్రుని ద్వారా బలమైన క్రిములను తెప్పించి అక్టోబరులో ఎక్కించాడు. ఈసారి ఎరిసిపెలస్ నిజంగానే వచ్చింది. రోగి చావుబ్రతుకుల మధ్య ఊగిసలాడాడు. కాని రెండువారాలలో మెడలోని గడ్డ చితికి కరిగిపోయింది. మనిషి లేచి తిరిగాడు. ఎనిమిదేండ్లు బ్రతికాడు. ఆ తరువాత అదే వ్యాధి తిరగబెట్టి చనిపోయాడు.

ఇంతటితో కథ ముగిస్తే కోలీకి న్యాయం చేసినట్లు కనిపించవచ్చుగాని, అతని రోగులకు అన్యాయం చేసినట్లవుతుంది. బ్రతికివున్న క్రిములను మనిషి శరీరంలోకి పంపడం నిప్పుతో చెలగాటం. కొందరికి ఎన్నిసార్లు ఎక్కించినా జ్వరమే రాలేదు. ఇద్దరు రోగులు మాత్రం కాన్సర్‌వల్ల కాక, కోలీ తెప్పించిన ఎరిసిపెలస్ వల్లనే మరణించారు. ఈనాడైతే ఏ వైద్యసంఘమూ ఇటువంటి ప్రయోగానికి అనుమతించదు. ఆనాడు అడిగేవారు లేరు. ఆ మరణాలను కోలీ దాచలేదు. వాటినుంచి ఒక పాఠం తీసుకున్నాడు. బ్రతికివున్న క్రిమికి బదులు, వేడితో చంపిన క్రిములనూ వాటి విషద్రవ్యాన్నీ వాడితే ప్రాణాపాయం తగ్గుతుందని తలచాడు. ఆ మందులో బలం చాలదని తేలగా రెండవ క్రిమి ఒకదానిని చేర్చాడు. నిలవ రొట్టెమీద నెత్తుటి చుక్కలవలె ఎర్రగా మొలిచే ఈ క్రిమిని ఆనాడు బాసిల్లస్ ప్రోడిజియోసస్ అనేవారు, ఇప్పుడు సెరేషియా అంటున్నారు. ఈ మిశ్రమమే కోలీ విషద్రవ్యమనే పేరుతో ప్రసిద్ధికెక్కింది.

1893 జనవరిలో దీనిని పదహారేండ్ల కుర్రవానికి ఇచ్చారు. పొత్తికడుపులో పెద్ద గడ్డ. అది కడుపు గోడను, మూత్రాశయాన్ని కూడా ఆక్రమించింది. రోజువిడిచి రోజు, గడ్డలోనికే సూదితో మందు ఎక్కించేవారు. ఎక్కించిన ప్రతిసారీ జ్వరం, వణుకు. మే నెల నడుమకు వచ్చేసరికి గడ్డ చాలావరకు కరిగి కుర్రవాడు ఇల్లు చేరాడు. మరి ఇరవైఆరేండ్లు బ్రతికి, 1919లో గుండెజబ్బుతో మరణించాడు. కోలీ తన జీవితంలో చూపగలిగిన సాక్ష్యాలలో ఇంతకంటె బలమైనది మరొకటి లేదేమో.

ఆ ఏడే ఆయన తన తొలి పది రోగుల వృత్తాంతాన్ని ఒక వైద్యపత్రికలో ప్రకటించాడు. అప్పటినుంచి ఆయన కలం ఆగలేదు. తన జీవితకాలంలో నూటయాభైకి పైగా వ్యాసాలు వెలువరించాడు. నలభై ఏండ్లలో వేయిమందికి మించిన రోగులకు ఈ చికిత్స చేశాడు. 1899 నుంచి పార్క్ డేవిస్ కంపెనీ ఈ మందును తయారుచేసి అమ్మసాగింది. అమెరికాలోను, యూరపులోను పలువురు వైద్యులు వాడి చూచారు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. కోలీ చేతిలో పనిచేసిన మందు ఇతరుల చేతిలో పలుమార్లు పనిచేయలేదు. కారణాలు వెదకడం కష్టం కాదు. మందు ఒక్క తీరున తయారయ్యేది కాదు. ఏండ్ల తరబడి పదికి మించిన రకాలు వాడుకలోకి వచ్చాయి. కొన్ని బలమైనవి, కొన్ని మంచినీళ్లవంటివి. కంపెనీ మొదట తయారుచేసిన మందును మరీ కాచడంవల్ల దానిలో శక్తి నశించిందని తరువాత గ్రహించారు. ఒకరు గడ్డలోనికి ఎక్కించేవారు, మరొకరు కండలోనికి. ఒకరు నెలల తరబడి ఇచ్చేవారు, మరొకరు జ్వరం చూచి భయపడి నాలుగు సూదులతో ఆపేవారు. కోలీ కూడా తన పద్ధతిని ఒక కట్టుబాటులో పెట్టలేదు. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క విధంగా మోతాదు మార్చేవాడు. శస్త్రచికిత్సతో, ఎక్స్ కిరణాలతో కలిపి వాడేవాడు. అటువంటప్పుడు రోగి కోలుకుంటే ఆ ఘనత దేనిదో తేల్చడమెట్లా? కొన్ని గడ్డలు అసలు కాన్సర్ గడ్డలే కావేమోననే సందేహం కూడా వుండేది. మందు తీసుకోని రోగులను పక్కన పెట్టి పోల్చి చూచే అలవాటు ఆనాటి వైద్యానికి లేదు. 1894లోనే అమెరికా వైద్యసంఘం పత్రిక ఈ చికిత్సను గట్టిగా ఖండించింది.

అన్నిటికంటె పెద్ద లోపం మరొకటి వున్నది. ఈ మందు ఎందుకు పనిచేస్తుందో కోలీ చెప్పలేకపోయాడు. క్రిముల విషమే నేరుగా గడ్డను చంపుతున్నదని ఆయన తలపోశాడు. అది తప్పు. ఆ సంగతి తెలియడానికి కావలసిన శాస్త్రం ఇంకా పుట్టనే లేదు. కళ్లతో చూచినదాన్ని నమ్మించడానికి కారణం చూపవలసివచ్చినపుడు ఆయన చేతులు ఖాళీగా వున్నవి.

ఆ ఖాళీలోకి మరొక విద్య ప్రవేశించింది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. పిమ్మట కొద్ది ఏండ్లకే క్యూరీ దంపతులు రేడియం కనుగొన్నారు. కిరణం పడిన చోట గడ్డ తగ్గడం ఎవరి కళ్లకైనా కనిపిస్తుంది. మోతాదు కొలవవచ్చు. రోగికి వణుకు లేదు, జ్వరం లేదు. కోలీ పనిచేసిన మెమోరియల్ ఆసుపత్రిలోనే జేమ్స్ ఈవింగ్ అనే మహాపండితుడు వుండేవాడు. ఎముకలలో పుట్టే ఒక కాన్సర్‌కు ఈనాటికీ ఆయన పేరే చెల్లుతున్నది. ఈవింగ్ కిరణచికిత్సను మనసారా నమ్మినవాడు. గనుల యజమాని జేమ్స్ డగ్లస్ ఆ ఆసుపత్రికి భూరి విరాళమిచ్చి రేడియం సమకూర్చాడు. ఆసుపత్రి అధికారం క్రమంగా ఈవింగ్ చేతికి వచ్చింది. ఎముకల కాన్సర్ విభాగానికి కోలీయే పెద్ద. అయినా తన పైవాడు తన మందును లెక్కచేయడని తెలిసి, అదే కప్పు క్రింద ఏండ్ల తరబడి పనిచేయవలసివచ్చింది.

ఈవింగ్‌ను దుర్మార్గుడుగా చిత్రించేవారు కొందరున్నారు. అది న్యాయం కాదు. నిరూపణ అడగడం శాస్త్రజ్ఞుని ధర్మం, ఆ నిరూపణ కోలీ దగ్గర లేదు. ఈవింగ్ చేసిన పొరపాటు వేరు. నిరూపణ లేనిదానిని అబద్ధమని త్రోసివేయడం ఒకటి, సరిగా పరీక్షింపజేసి తేల్చడం మరొకటి. వేయిమంది రోగుల చరిత్రలు ఒకే నగరంలో వున్నవి. వాటిని నిష్పక్షపాతంగా తిరగవేయించే అధికారం ఆయనకున్నది, ఆ పని జరగలేదు.

కోలీకి జీవనభృతికి లోటు లేదు. హెర్నియా శస్త్రచికిత్సలో, ముఖ్యంగా పిల్లల విషయంలో, ఆయన సిద్ధహస్తుడు. హెర్నియా రోగులకూ అంగవికలురకూ ప్రత్యేకించిన న్యూయార్కు ఆసుపత్రిలో 1925లో ప్రధాన శస్త్రవైద్యుడైనాడు. కాన్సర్ జోలికి పోకుండా వుంటే ఆయన కీర్తి నిష్కళంకంగా సాగిపోయేదే. 1934లో అమెరికా వైద్యసంఘం వారు ఆ విషద్రవ్యంలో కొంత గుణం వుండవచ్చునని ఒప్పుకున్నారు. అప్పటికి కోలీ వృద్ధుడు. 1936 ఏప్రిల్ 16న తాను పనిచేసిన ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. ఆయనతోపాటు ఆ మందు కూడా మరపున పడింది.

అది మళ్లీ వెలుగుచూడడానికి కారకురాలు ఆయన కుమార్తె హెలెన్. 1907లో పుట్టిన ఈమె వైద్యం చదివినది కాదు. తండ్రి జీవితచరిత్ర వ్రాద్దామని ఆయన కాగితాలు వెదకగా, ఉత్తరాలు, రోగుల వివరాలు గుట్టలుగా బయటపడ్డాయి. జీవితచరిత్ర సంగతి పక్కనపెట్టి ఆమె ఆ రోగుల వెంట పడింది. వైద్యులకు, బంధువులకు ఉత్తరాలు వ్రాసి, ఎవరు ఎంతకాలం బ్రతికారో, ఏ రకం మందు ఎన్ని నెలలు తీసుకున్నారో పట్టికలు కట్టింది. తండ్రి స్టెయిన్ ఒక్కని కోసం చేసిన పనిని ఆమె వందలమంది విషయంలో చేసిందన్నమాట. మందు బలంగా వుండి, చికిత్స నెలల తరబడి సాగిన చోట ఫలితాలు మెరుగుగా వున్నవని ఆమె గుర్తించింది. 1946లో తన సోదరుడు, శస్త్రవైద్యుడు అయిన బ్రాడ్లీ కోలీతోను, మరొకరితోను కలిసి దీనిని ఒక కాన్సర్ పరిశోధన పత్రికలో ప్రకటించింది.

కాలం అనుకూలించలేదు. యుద్ధానంతరం కాన్సర్ వైద్యమంతా రసాయన ఔషధాల వైపు తిరిగింది. అందులో తెలుగువారి పాలు కూడా వున్నది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లే ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ పీడిత శిశువులకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా వెనుకకు తగ్గడాన్ని 1948లో లోకానికి చూపించాడు. కొలతకు లొంగే మందు, కళ్లకు కనిపించే ఫలితం. దాని ముందు క్రిముల కషాయం పాతకాలపు నాటువైద్యంలాగా కనిపించడంలో వింత లేదు. 1965లో అమెరికా కాన్సర్ సంఘం కోలీ మందును నిరూపణ లేని చికిత్సల జాబితాలో చేర్చింది. పదేండ్లకు తొలగించింది.

హెలెన్ మాత్రం పట్టు విడువలేదు. 1953లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఇచ్చిన రెండువేల డాలర్లతో కాన్సర్ పరిశోధన సంస్థను ఆరంభించింది. ఈ దాతృత్వానికి వెనుక ఒక పాత బంధం వున్నది. నెల్సన్ తండ్రి జాన్ రాక్‌ఫెల్లర్ బెస్సీ డాషియెల్‌కు చిన్ననాటి ఆప్తమిత్రుడు. ఆమె మరణదుఃఖం ఆ కుటుంబం కాన్సర్ పరిశోధనకు ధనం వెచ్చించడానికి ఒక కారణమైనది.

కోలీ చెప్పలేకపోయిన కారణం మెల్లమెల్లగా తేలింది. 1943లో షియర్ అనే శాస్త్రజ్ఞుడు సెరేషియా క్రిమి పైపొర నుంచి, గడ్డలలో రక్తస్రావం కలిగించే ఒక పదార్థాన్ని వేరుపరచాడు. 1975లో లాయిడ్ ఓల్డ్ బృందం మరొక రహస్యం కనిపెట్టింది. ఆ పదార్థం తానుగా గడ్డను చంపదు. అది శరీరంలోని రక్షణకణాలను రెచ్చగొడుతుంది, ఆ కణాలు విడుదలచేసే ఒక ప్రోటీను గడ్డను నశింపజేస్తుంది. అంటే కోలీ ఎక్కించినది విషం కాదు, ఒక హెచ్చరిక. శత్రువు లోపలికి వచ్చాడని గంట మ్రోగించగా లేచిన సైన్యం, అంతవరకు ఇంటిమనిషిగా చెలామణి అయిన కాన్సర్‌ను కూడా కొన్నిసార్లు పసిగట్టింది. కొన్నిసార్లు మాత్రమే. అందుకే కొందరు బ్రతికారు, చాలామంది బ్రతకలేదు.

ఓల్డ్ 1959లోనే మరొక ప్రయోగం చేసివున్నాడు. మన పిల్లల భుజాలమీద చిన్న మచ్చ వదిలే క్షయ టీకా, అంటే బి.సి.జి., ఎలుకలలో కాన్సర్‌ను అడ్డగించగలదని చూపాడు. 1976లో మొరాలెస్ అనే వైద్యుడు దానిని మూత్రాశయ కాన్సర్‌కు వాడి సఫలుడైనాడు. క్రిమిని ఎక్కించి గడ్డను తగ్గించే ఆ పద్ధతి ఈనాడు ప్రపంచమంతటా సామాన్య చికిత్స. కోలీ ఆలోచనకు నేరుగా వారసురాలని చెప్పదగినది ఇదే.

ఆయన రోగులకు నిజంగా ఎంత మేలు జరిగిందనే ప్రశ్న ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 1983లో ఆధునిక చికిత్స పొందిన రోగులతో కోలీ రోగులను పోల్చిన ఒక పరిశీలన 1999లో వెలువడింది. ఇరువురి ఆయుర్దాయంలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. ఇటువంటి పోలికలలో లోపాలు లేకపోవు. అయినా రక్తం ఎక్కించే సదుపాయం కూడా సరిగా లేని కాలపు వైద్యుడు ఆ పోలికకు నిలవడమే విశేషం.

రక్షణకణాలను రెచ్చగొట్టడం కోలీ పద్ధతి. వాటికి వున్న కళ్లాన్ని సడలించడం తరువాతివారు కనుగొన్న పద్ధతి. జపానులో తసుకు హోంజో 1992లో అటువంటి కళ్లెం ఒకదానిని గుర్తించాడు. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ మరొక కళ్లాన్ని అడ్డగిస్తే ఎలుకలలో గడ్డలు కరుగుతాయని 1996లో చూపాడు. ఆ మార్గంలో తయారైన తొలి ఔషధానికి 2011లో అనుమతి లభించింది. హెలెన్ 2001లోనే మరణించినందున అది చూడలేదు.

ఆమె నెలకొల్పిన సంస్థ 1975 నుంచి విలియం కోలీ పేరుతో ఒక పురస్కారం ఇస్తున్నది. 2005లో దానిని అందుకున్నవారిలో ఆలిసన్ ఒకడు. 2014లో అందుకున్నవారిలో హోంజో ఒకడు. 2018లో ఆ ఇద్దరికీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.